ఇరవై ఒకటో పళ్ళెం

ఆ ఆదివారం మణిశంకర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడింటికి తణుకులో కారెక్కడం, తొమ్మిదింటికి రాజమండ్రిలో దిగడం, పదింటికల్లా ప్రదర్శనలో రైలు నడపడం. ప్లాను చిన్నదే గాని రైలు అంతకన్నా చిన్నది. ఇంజను చిటికెన వేలంత, పెట్టెలన్నీ కలిపినా జానెడు. గోదావరి మీద వంతెన, ఈ ఒడ్డున కొవ్వూరు స్టేషను, ఆ ఒడ్డున రాజమండ్రి, నది మధ్యలో గోడలకి పూసే పుట్టీతో చేసిన ఇసుక లంక. ఇదంతా ఒక పెద్ద స్టీలు పళ్ళెంలో ఒదిగింది. ఎవరి రైలైనా సరే ఒక్క పళ్ళెంలో పట్టాలన్నది వాళ్ళ బుల్లి రైళ్ళ సంఘం నియమం. సంఘంలో సభ్యులు నలుగురు.

పళ్ళెంలో పట్టే రైలే అయినా, దాని పనిముట్లు, జిగురు డబ్బాలు, రంగులు, భూతద్దాలు కలిసి మూడేళ్ళుగా ఇంట్లో డైనింగ్ టేబుల్‌ని ఆక్రమించుకున్నాయి. కాలేజీ లైబ్రరీలో వేల పుస్తకాలను ఎక్కడివక్కడ సర్దే మణిశంకర్, ఇంట్లో ఆ ఒక్క బల్లను సర్దలేకపోయాడు. భార్య వరహాలక్ష్మి మూడేళ్ళ నుంచీ చాప మీదే వడ్డిస్తోంది. ఆమె మోకాళ్ళు ఆ సంగతి రోజుకు రెండు పూటలా గుర్తు చేస్తున్నాయి.

"ఇవాళ పది మంది చూసి బాగుందనాలి. మీ సంఘం వాళ్ళు లెక్కలోకి రారు. పది మంది రాకపోతే సాయంత్రానికల్లా బల్ల ఖాళీ. మాటంటే మాటేనండీ," అంది ఆమె, దుమ్ము పడకుండా పళ్ళెం మీద నరసాపురం లేసు గుడ్డ కప్పుతూ. "పన్నెండింటికి నేనే వచ్చి చూస్తాను."

మణిశంకర్ సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు? అతని భయం వేరే ఉంది. ఆ రైలు ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా తనంత తానుగా వంతెన దాటలేదు. సరిగ్గా ఆరో స్తంభం దగ్గర ఆగిపోయేది. పట్టాలు మార్చాడు, చక్రాలు మార్చాడు, దేవుడికి మొక్కాడు. ఆఖరికి ఎవరూ చూడకుండా వేలితో నెట్టడం అలవాటు చేసుకున్నాడు. ఈ రహస్యం భార్యకు కూడా చెప్పలేదు.

ప్రదర్శన ఒక ఫంక్షన్ హాలు మేడ మీద. కింద పెద్ద హాల్లో తెల్లవారుజామున పెళ్ళి జరిగింది. మెట్ల నిండా పూల డెకరేషన్ విప్పేవాళ్ళు. పళ్ళెం పట్టుకుని ఎక్కే దారి లేక, పక్కనే కనిపించిన బల్ల మీద దాన్ని జాగ్రత్తగా పెట్టి, గది ఎటువైపో చూద్దామని మణిశంకర్ పైకి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే కింద పెళ్ళికూతురి పెద్దమ్మ సత్యకుమారి సారె పళ్ళేలు లెక్క పెట్టుకుంటోంది. ఇరవై ఒకటి పెడతామని మగపెళ్ళివారికి నెల క్రితమే చెప్పారు. ఇరవయ్యే ఉన్నాయి. సారె సరి సంఖ్యలో పెట్టకూడదు. మూడుసార్లు లెక్కపెట్టినా ఇరవయ్యే. ఇంతలో మెట్ల పక్కన లేసు గుడ్డ కప్పిన పళ్ళెం కనిపించింది. "ఇదిగో, ఇక్కడ వదిలేశారు! ఒక్కరికీ బాధ్యత లేదు," అని విసుక్కుంటూ తీసుకెళ్ళి వరసలో ఆఖరున పెట్టింది.

మణిశంకర్ దిగివచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. హాల్లోకి తొంగి చూస్తే ఆ చివర తన లేసు గుడ్డ. ప్రాణం లేచొచ్చి, ఒక్క అంగలో వెళ్ళి గుడ్డ మీద చెయ్యి వేశాడు.

"ఆగండాగండి! అందరూ వచ్చాక గాని ముసుగు తీయకూడదండి," అంది సత్యకుమారి.

"అది కాదండి, ఈ పళ్ళెం మాదండి."

సత్యకుమారి ముఖం విప్పారింది. ఇతను మగపెళ్ళివారి మనిషన్నమాట. కాస్త తొందరపాటు మనిషి. "మీదేనండి బాబూ! అదొక్కటేంటి, ఇరవై ఒకటీ మీవే. ముందు టిఫిన్ చేద్దురుగాని రండి."

"అబ్బే, నాకు టిఫిన్ వద్దండి."

వద్దంటే వదిలేయడం గోదావరి జిల్లాల్లో అలవాటు లేదు. వద్దన్నాడంటే మర్యాద తక్కువై అలిగాడని అర్థం. ఇద్దరు మనుషులు చెరో చెయ్యీ పట్టుకుని తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. పెసరట్టు, ఉప్మా అయ్యాయి. మళ్ళీ వద్దన్నాడు. పూతరేకులు వచ్చాయి. ఇక వద్దనడం మానేస్తే గాని బయటపడలేనని అతనికి రెండో కాజా దగ్గర తెలిసింది.

చెయ్యి కడుక్కుని పరిగెత్తుకొచ్చేసరికి మగపెళ్ళివారు సారె చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ముసుగులు ఒక్కొక్కటే లేస్తున్నాయి. సున్నుండలు, బూందీ లడ్డూలు, జంతికలు, పట్టుచీరలు. ఇరవై ఒకటో ముసుగు లేచింది. గోదావరి కనిపించింది.

అందరికన్నా పెద్దదైన పెళ్ళికొడుకు నాయనమ్మ, ఎనభై రెండేళ్ళ చిన్నమ్మాయి గారు, చత్వారపు కళ్ళతో వంగి చూసి, వంతెన కిందికి చెయ్యి పోనిచ్చి ఇసుక లంకలోంచి పెద్ద పెచ్చు ఒకటి గిల్లి నోట్లో వేసుకుంది. "చలిమిడి బాగా గట్టిపడిపోయిందే అమ్మాయ్," అంది చప్పరిస్తూ. పక్కనున్న కోడలు కంగారుగా ఆవిడ చేత ఉమ్మించింది. మణిశంకర్‌కి మాత్రం తననే గిల్లినట్టు అనిపించింది.

"ఇదేంటండీ వదినగారూ?" అని అడిగింది ఆ కోడలే. పెళ్ళికొడుకు తల్లి కూడా ఆవిడే.

సత్యకుమారి పళ్ళెం వైపు చూసింది. తెలీదంటే సారెలో ఏం పెట్టారో వీళ్ళకే తెలీదంటారు. పెళ్ళికూతురు రమ్యశ్రీ తల దించుకుంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి సత్యకుమారి తెగించింది. "అదీ... అల్లుడుగారు రైలింజను నడుపుతారు కదండీ. ముచ్చటపడి ప్రత్యేకంగా చేయించాం."

హాలంతా "ఆహా" అంది. "అయితే నడుస్తుందా?" అన్నాడు పెళ్ళికొడుకు విష్ణు, కుర్చీ ముందుకు జరుపుకుని.

సత్యకుమారి దిక్కులు చూసింది. ఆ చూపు వచ్చి మణిశంకర్ మీద ఆగింది. ఆ పళ్ళెం మాదని ఇతనెందుకన్నాడో ఆవిడకి అప్పుడర్థమైంది.

ఒక్క మాట చాలు, మూడేళ్ళ కష్టం తన చేతికొచ్చేస్తుంది. ఆ ఒక్క మాటతో ఆ ఇంటి పరువు ఇంతమందిలో పోతుంది. మణిశంకర్ చివరికి ముందుకొచ్చి, "నడుస్తుందండి. వీళ్ళే నాచేత చేయించారు," అన్నాడు.

పళ్ళెం అడుగున స్విచ్చి నొక్కాడు. రైలు కొవ్వూరులో కదిలింది. రెండొందల మంది ముందుకు వంగారు. ఇంతమంది ఎదుట వేలితో నెట్టడం కుదరదు. మూడో స్తంభం, నాలుగు, అయిదు. మణిశంకర్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

చప్పట్లు వినిపించి కళ్ళు తెరిచేసరికి రైలు రాజమండ్రిలో ఉంది. అతను వంగి చూశాడు. చిన్నమ్మాయి గారు గిల్లింది సరిగ్గా ఆరో స్తంభం దగ్గరే. పుట్టీ ఉబ్బి స్తంభాన్ని పైకి నెడుతోందని, దాంతో పట్టా వెంట్రుకవాసి లేచి ఉంటోందని మూడేళ్ళలో అతనికి తట్టలేదు. ఆనందంతో, దుఃఖంతో ఒకేసారి కళ్ళు చెమర్చాయి. మొదటిసారి వంతెన దాటిన రైలు తనది కాకుండా పోతోంది.

సరిగ్గా పన్నెండింటికి వరహాలక్ష్మి వచ్చింది. ముందు మేడ మీదకి వెళ్ళింది. మూడు పళ్ళేలు, ముగ్గురు సభ్యులు, నిద్రపోతున్న వాచ్‌మన్. తృప్తిగా కిందికి దిగి చూస్తే భర్త చుట్టూ ఊరేగింపంత జనం. అతను ఆమెను పక్కకు తీసుకెళ్ళి గుసగుసగా జరిగిందంతా చెప్పాడు.

పందెం ఓడిపోయిన వరహాలక్ష్మి ముఖం చిత్రంగా వెలిగిపోయింది. "సారె అని పెట్టాక వెనక్కి తీసుకోకూడదండీ. మర్యాద కాదు," అంది గట్టిగానే. ఆమె కళ్ళ ముందు ఖాళీ బల్ల, దాని మీద రెండు కంచాలు కనిపిస్తున్నాయి.

మణిశంకర్ తలూపి, లేసు గుడ్డ మడత పెట్టుకుని కదలబోయాడు. విష్ణు అతని భుజం మీద చెయ్యి వేశాడు. రైలు నడుస్తున్నంతసేపూ అందరూ రైలునే చూస్తే, ఇంజను నడిపే ఆ కుర్రాడు నడిపించే మనిషిని చూశాడు.

"ఆరో పిల్లర్ దగ్గర కళ్ళు మూసుకున్నారేంటండీ బాబాయ్ గారూ? ఎప్పుడూ అక్కడే ఆగేదా?" అన్నాడు మెల్లిగా.

మణిశంకర్ లేసు గుడ్డను ఇంకో మడత పెట్టాడు. విష్ణు నవ్వి, అందరికీ వినపడేలా సత్యకుమారిని పిలిచాడు. "పెద్దత్తయ్య గారూ, ఇది నాకెంతో నచ్చిందండి. కానీ మా క్వార్టర్స్‌లో పెట్టే చోటు లేదు. ఈ బాబాయ్ గారింట్లోనే ఉంచుతాను. ఆదివారాలు డ్యూటీ లేనప్పుడు వెళ్ళి నడుపుకుంటాను. బాబాయ్ గారూ, మీ ఇంట్లో బల్ల లాంటిదేదైనా ఉంటుంది కదండీ?"

"పెద్దదే ఉందండి," అన్నాడు మణిశంకర్, భార్య వైపు చూడకుండా.

సత్యకుమారి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. పెళ్ళివారంతా మిగతా మూడు రైళ్ళూ చూద్దామని మేడ ఎక్కారు. సంఘం పెద్ద డేనియల్ మాస్టారు పదేళ్ళుగా తెల్లగా ఉన్న సందర్శకుల పుస్తకం తెరిచి, పెన్ను కోసం తడుముకున్నాడు. కింద వరహాలక్ష్మి ఒక్కతే చాలాసేపు ఆ పళ్ళేన్ని చూస్తూ నిలబడింది. ఒకరింటి సారెను బల్ల మీంచి తీసి అటకెక్కించడం కూడా మర్యాద కాదని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలుసు.

పై ఆదివారం విష్ణు, రమ్యశ్రీ భోజనానికి వచ్చారు. కొత్త దంపతులని వరహాలక్ష్మి వాళ్ళకి కొత్త చాప వేసింది.