కంచంలోని ప్రతి గ్రాము

గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆరోగ్యవంతులైన స్త్రీల ఒంట్లో చక్కెర, కొవ్వు ఎలా మారతాయో చూసే అధ్యయనంలో చేరింది పెళ్లై మూడు నెలలైన కొత్త పెళ్లికూతురు. ఆ ఉదయం ఆమె పథకం చాలా చిన్నది: పరగడుపున ఆసుపత్రిలో రక్తం ఇవ్వడం, వారం రోజుల తిండి పుస్తకం అప్పగించడం, పదింటికల్లా తాను కొత్తగా చేరిన లైబ్రరీకి వెళ్లిపోవడం.

పుస్తకం మొదటి పేజీలోనే "మీ కంచంలో వడ్డించుకున్న ప్రతిదీ తూచి రాయండి" అని ఉంది. భర్త సర్వేయరు, కొలతలంటే ప్రాణం. వారమంతా వంటింట్లో త్రాసు ముందు కూర్చుని గ్రాము తేడా లేకుండా అతను చెబుతుంటే, ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

పుస్తకం తెరిచిన పెద్ద నర్సు కళ్లజోడు సవరించుకుంది. "పొద్దున్నే ఆరు గుడ్లా తల్లీ?"

"ఆదివారం ఎనిమిదండీ," అంది ఆమె నిజాయితీగా.

నర్సు ఆహార నిపుణురాలిని పిలిచింది. ఆవిడ క్యాలిక్యులేటర్ మీద నమ్మకం పోయి చేత్తో కూడింది. బరువు చూస్తే యాభై ఒక్క కిలోలు, పెళ్లినాటి కంటే గ్రాము పెరగలేదు. పోయిన నెల రక్త పరీక్షలూ చక్కగా ఉన్నాయి. "ఇంత తిండీ ఎక్కడికి పోతోందమ్మా?" అంటూ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష రాసింది, నులిపురుగుల పరీక్ష రాసింది, చివరికి కలం మూసి, "కారణం తేలేదాకా మాత్రలు ఆపేద్దాం" అంది.

ఏడాదిపాటు మనమిద్దరమే అని భార్యాభర్తలు ఎంత మురిసిపోతూ అనుకున్నారు! పెళ్లికూతురు వెంటనే భర్తకు ఫోన్ చేసింది. పది నిమిషాల్లో భర్త రొప్పుతూ వచ్చి, సంగతి పూర్తిగా వినకుండానే అందుకున్నాడు.

"లెక్క తప్పే ప్రసక్తే లేదు డాక్టర్ గారూ! ప్రతి గ్రామూ నా చేత్తో తూచాను."

"అయితే మీ ఆవిడ పూటకి తొమ్మిది రొట్టెలు తినడం కళ్లారా చూశారా?"

"చూడ్డమేంటండీ, పక్కనే కూర్చుని నేనూ..." అతను ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇద్దరికీ ఒకటే కంచమా బాబూ?" అంది నర్సు.

"పెళ్లైన దగ్గర్నుంచీ అంతేనండీ," అంది పెళ్లికూతురు నేలచూపులు చూస్తూ. "కంచంలో ఉన్నదంతా రాయమన్నారుగా!"

ఆహార నిపుణురాలు కుర్చీలో కూలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ కొట్టేసి, మాత్రలు మానొద్దని చెప్పి, కొత్త పుస్తకం చేతికిచ్చింది. "ఈ వారం మాత్రం రెండు కంచాలు."

"వారమంతానా?" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

నర్సుకు ఇంకా అనుమానం తీరలేదు. అతన్ని బరువు యంత్రం ఎక్కించింది.

"పెళ్లికి అరవై రెండే ఉండేవాణ్ణి," అన్నాడతను, ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఆగడం చూసి.

"మాత్రలు అమ్మాయి వేసుకుంటే ఒళ్లు నీకొచ్చిందేంటయ్యా!" అంది నర్సు.

అధ్యయనం స్త్రీల మీద గనక, ఆ ఆరు కిలోలు రాయడానికి పత్రంలో గడి దొరకలేదు.