రింగులు రింగుల దగ్గరే

"రింగులు వచ్చాయి!" అని వెనక సందులోంచి కాజ్ వేసిన కేకకి హలీనా చేతిలోని పిండిముద్ద జారి బల్ల మీద పడింది. పెళ్ళయి అయిదు వారాలు. మొగుడి గొంతులో అంత సంతోషం ఆమె విన్నది రెండేసార్లు: ఒకటి చర్చిలో పాదిరి ముందు "సరే" అన్నప్పుడు, రెండోది ఇదిగో, ఈ పార్సెల్ వచ్చినప్పుడు. రెండుసార్లూ కారణం రింగులే కాబట్టి ఆమె అసూయ పడలేదు.

నిజానికి ఆ శనివారం ఉదయం ఆమె వేసుకున్న పథకం వేరు. మర్నాడు కాజ్ నాయనమ్మ స్టెల్లాకి ఎనభయ్యో పుట్టినరోజు. చర్చి నుంచి వచ్చాక అందరికీ భోజనం. ఆలుగడ్డ కూరిన పిరోగీలు మధ్యాహ్నానికల్లా చేసి పెట్టుకోవాలని ఆమె పొద్దున్నే పిండి కలపడం మొదలుపెట్టింది.

ఆ పుట్టినరోజుకి ఒక మెలిక ఉంది. తాత పోయినప్పటి నుంచీ గ్యారేజీలో పడి ఉన్న డెబ్భై నాలుగు మోడల్ ఎర్ర కారులోనే వెళ్ళి చర్చి మెట్ల ముందు దిగుతానని స్టెల్లా భీష్మించుకు కూర్చుంది. ఆ కారును పెళ్ళి కానుకగా మనవడికిచ్చింది ఆమే. తన పెళ్ళి ఉంగరం తీసి హలీనా వేలికి తొడిగిందీ ఆమే. "రెండిట్లో ఏది పోగొట్టినా నా గడప తొక్కకండి" అని దీవించింది కూడా.

కారు చూస్తే పులి, ఇంజను చూస్తే పిల్లి. పొగ తగ్గించాలని ప్రభుత్వం పట్టుబట్టిన రోజుల్లో పుట్టిన బండి అది. ఎనిమిది సిలిండర్లున్నా లోపల ఒత్తిడి లేదు. పెళ్ళయిన మొదటి వారమే కాజ్ ఆమెకి ఆ రహస్యం విప్పి చెప్పాడు. పాత పిస్టన్ల నెత్తిన సూప్ గిన్నెలా పల్లం ఉంటుంది; గాలీ పెట్రోలూ అందులో కాళ్ళు చాపుకుని పడుకుంటాయి. నెత్తి చదునుగా ఉన్న పిస్టన్లు వేస్తే ఇరుకులో నలుగుతాయి, నిప్పు తగలగానే ఎగిరి తంతాయి. వాళ్ళ మంచం కూడా ఇరుకే కాబట్టి హలీనాకి సూత్రం చటుక్కున అర్థమైంది.

కొత్త పిస్టన్లు ఏడు దిగాయి. ఎనిమిదోది దించుతుంటే దాని చుట్టూ ఉండే ఇనప రింగు విరిగింది. వారం రోజులుగా వీధిలో వ్యాను చప్పుడైతే చాలు, కాజ్ పరుగెత్తడం దానికోసమే.

"రా, రా! నువ్వు రింగుల చుట్టూ పట్టీ బిగించి పట్టుకో, నేను సుత్తి పిడితో తడతాను," అన్నాడు కాజ్.

"చేతినిండా పిండి!"

"కడుక్కో. ఆ ఉంగరం కూడా తీసెయ్. నూనెకి జారిపోతుంది."

"తీసి ఎక్కడ పెట్టను?"

కాజ్ ఇంజను మీంచి తల ఎత్తలేదు. "రింగులన్నీ పెట్టెలోనేగా ఉన్నాయి," అన్నాడు తన ధ్యాసలో.

రింగులు రింగుల దగ్గరే ఉండాలి కదా అనుకుని, హలీనా తన ఉంగరాన్ని ఆ అట్టపెట్టెలోనే పెట్టింది. ఇనప రింగుల మధ్య అది వస్తాదుల మధ్య పెళ్ళికూతురిలా మెరిసింది. ఆమెకి ముద్దొచ్చింది.

ముందు కాఫీ తాగుదామని ఇద్దరూ వంటింట్లోకి వెళ్ళారు. కాఫీ కాగడానికి పట్టాల్సిన దానికన్నా ఎక్కువ సేపే పట్టింది. కొత్త కాపురాల్లో కాఫీ అలాగే కాగుతుంది. తిరిగొచ్చేసరికి పనిబల్ల మీద గసగసాల రొట్టె ఒకటి ఉంది. పక్కింటి లియో అంకుల్ భార్య పెట్టి ఉంటుందనుకుని, నిలబడే తినేశారు.

పిస్టన్ "టుక్" మని దిగింది. ఆ చప్పుడుకి ఇద్దరూ చప్పట్లు కొట్టారు. సిలిండర్ల మీద మూత పడింది. రెండు వరసల నడుమ ఉన్న లోయ మీద, గాలి పంచే మానిఫోల్డ్ కూర్చుంది. బోల్టులన్నీ బిగిశాయి.

"రేపు బుషా దిగుతుంటే చర్చి గంటలు వాటంతటవే మోగాలి!" అన్నాడు కాజ్, నాయనమ్మను ఇంట్లో పిలిచే పేరుతో తలచుకుని.

హలీనా చేతులు తుడుచుకుంటూ ఆగిపోయింది. "కాజ్... నా ఉంగరం?"

"ఎక్కడ పెట్టావ్?"

"నువ్వు చెప్పిన చోటే. పెట్టెలో."

"ఏ పెట్టెలో?"

"రింగుల పెట్టెలో."

కాజ్ ముఖం గ్రీజు కింద తెల్లబడింది. "ఆ పెట్టెనా? అడుగున ఇరుక్కున్న చివరి రింగు రాలేదని ఇంజను మీద బోర్లించి మరీ దులిపానే!"

అతను దారానికి అయస్కాంతం కట్టి స్పార్క్ ప్లగ్ రంధ్రంలోకి వదిలాడు. అటు ఆడించాడు, ఇటు ఆడించాడు. కాసేపు చూసి హలీనా మెల్లగా అడిగింది. "బంగారం అయస్కాంతానికి అంటుకుంటుందా?" కాజ్ ఇంకాస్త ఆడించి, మొదటి నుంచీ తన ఉద్దేశం అది కానట్టు దారం చుట్టేశాడు.

"ఇక విప్పెయ్యాల్సిందే," అన్నాడు.

"అయిదు వారాల కష్టం కాజ్!"

"రింగు పోయాక ఇంకేం మిగిలింది? విప్పేద్దాం."

"బుషాకి మాత్రం చెప్పకు. గుండె ఆగిపోతుంది."

కంచెకి అవతల టమాటా మొక్కలకి నీళ్ళు పోస్తున్న లియో అంకుల్‌కి కారు కనపడదు, మాటలు మాత్రం బాగా వినపడతాయి. కొత్త కాపురం కూలిపోతోందనుకుని ఆయన గొట్టం అక్కడే పారేసి, స్టెల్లాకి చెప్పడానికి ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

కాజ్ మానిఫోల్డ్ చివరి బోల్టు ఊడదీశాడో లేదో, స్టెల్లా గ్యారేజీ ద్వారంలో నిలబడి ఉంది. ఆదివారం టోపీ శనివారమే పెట్టుకుంది. ఎడమ చెయ్యి చేతిసంచిలోకి దూర్చి ఉంది. ఆమె వెనక లియో, ఏమీ ఎరగనట్టు.

"ఏరా కాజిమీర్, ఏంట్రా గొడవ?"

కారు ఆగిపోయిందని లియో మాట మోసి ఉంటాడని కాజ్ అనుకున్నాడు. "ఏం లేదు బుషా. ఒత్తిడి చాలట్లేదు, అంతే. పెంచుతున్నా."

"పెళ్ళాం మీద ఒత్తిడి పెంచుతావట్రా! సిగ్గు లేదూ? మీ తాత ఒత్తిడి అన్నదే లేకుండా నలభై ఏళ్ళు నడిపాడు."

"అందుకే బుషా, వంతెన ఎక్కేటప్పుడల్లా తాత దిగి తోసేవాడు."

స్టెల్లాకి ఆ మాట ఎటు పోయిందో అంతుపట్టలేదు. మనవడి పెళ్ళాం వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే పిల్లా. ఎందుకు తీసేశావు?"

హలీనా చెయ్యి వెనక్కి దాచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేనుగా తియ్యలేదు బుషా. తనే తీసెయ్యమన్నాడు."

"వీడా!"

చేతిసంచి గాలిలో ఒక చుట్టు తిరిగి కాజ్ భుజం మీద పడింది. దానితో పాటు ఎడమ చెయ్యీ బయటికి వచ్చింది. ఆ చేతి వేలికి ఉంగరం తళతళలాడింది.

లియో వేలు పెట్టి చూపించాడు. "స్టెల్లా, అది ఈ అమ్మాయిది కదూ?"

"ఈ అమ్మాయిదే. పొద్దున గసగసాల రొట్టె తెచ్చాను. మనిషి జాడ లేదు, ఇనప తుక్కులో నా ఉంగరం! ఎప్పుడు గమనిస్తారో చూద్దామని తొడుక్కుపోయా. మధ్యాహ్నమైంది!"

"బుషా! నీ మూలాన బిగించిన ఇంజను మొత్తం విప్పాను!" కాజ్ కోపంగా మానిఫోల్డ్ ఎత్తి పక్కన పెట్టాడు. "చూడు! లోపల ఏముందని..."

లోపల ఉంది. లోయ పొడుగునా పరుచుకుని, నూనెలో మునిగి, ఎర్ర కోడిపుంజుల అంచు తువ్వాలు ఒకటి హాయిగా పడుకుని ఉంది.

"అది నేను మీ పెళ్ళికి కుట్టింది కాదూ?" అంది స్టెల్లా చాలా నెమ్మదిగా.

కాజ్ తువ్వాలు కొస పట్టుకుని పైకి లాగాడు. "దుమ్ము పడకుండా పోయిన వారం కప్పాను. తియ్యడం మర్చిపోయినట్టున్నాను. ఇదలాగే ఉండగా స్టార్ట్ చేసుంటే నూనె కిందికి దిగేది కాదు. చర్చి మలుపు రాకముందే ఇంజను కొయ్యబారిపోయేది."

"అయితే నేను దొంగతనం చేసి కాపాడానన్నమాట," అంది స్టెల్లా. ఆమె ముఖంలో పశ్చాత్తాపం మచ్చుకైనా లేదు.

మిగిలిందల్లా ఉంగరం ఇచ్చెయ్యడమే. అది రాలేదు. ఎనభై ఏళ్ళ వేలు దాన్ని ఒకసారి వదిలి పొరపాటు చేశానన్నట్టు గట్టిగా పట్టుకుంది. సబ్బు రాశారు. పిరోగీల కోసం ఉంచిన వెన్న రాశారు. చివరికి కాజ్ ఇంజను నూనె చుక్కలు వేసి, మెల్లగా తిప్పి లాగాడు. "టుక్" మంది. హలీనా అలవాటుగా చప్పట్లు కొట్టింది. స్టెల్లా ఆ నూనెచేత్తోనే ఉంగరాన్ని రెండోసారి ఆమె వేలికి తొడిగింది. మొదటిసారి కన్నా సులువుగా ఎక్కింది.

తర్వాత టోపీ సర్దుకుని అందరినీ కలయజూసింది. "వినండి. రేపు పదింటికి నేను ఈ కార్లోనే చర్చికి వెళుతున్నాను. స్టార్టయితే సరే. కాకపోతే మీరిద్దరూ, ఈ లియో, వెనక నుంచి తొయ్యండి. నేను స్టీరింగ్ పట్టుకుంటాను."

ముగ్గురూ తలూపారు. స్టెల్లాకి బండి నడపడం రాదని గుర్తుచేసేంత ఒత్తిడి అక్కడ ఎవరి ఇంజన్లోనూ లేదు.