గేటు ముందు తెల్ల షామియానా

ఆదివారం పొద్దున్నే త్రినాథరావు వేసుకున్న పథకంలో పెద్ద చిక్కేమీ లేదు. మధ్యాహ్నం భోజనానికి వనస్థలిపురం నుంచి వియ్యంకుడు పట్టాభి వస్తాడు. ఆయన కారు తమ గేటు ముందు నీడలో ఆగాలి. అంతే.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక వీధిలో ఇల్లున్నవాడు ఇలాంటి కోరిక కోరడం అత్యాశేనని ఆయనకు తెలియక కాదు. వీధికి ఆ చివర ఒక కోచింగ్ సెంటరు, ఈ చివర ఇంకొకటి, నడుమ అన్నీ హాస్టళ్లు. తెల్లారేసరికి గేటు ముందు బైకులు బారులు తీరేవి. గేటు సగమే తెరుచుకునేది, ఇంటి యజమాని పక్కకు తిరిగి పొట్ట లోపలికి లాక్కుని వీధిలోకి వచ్చేవాడు. నో పార్కింగ్ బోర్డు పెడితే కుర్రాళ్లు దానికి హెల్మెట్లు తగిలించుకున్నారు. పూలకుండీలు పెడితే వాటిని జాగ్రత్తగా పక్కకు జరిపి బండ్లు పెట్టుకున్నారు. మంచి పిల్లలు, పోతూ పోతూ కుండీలకు నీళ్లు కూడా పోసేవారు.

మామూలు రోజుల్లో అయితే త్రినాథరావు సర్దుకుపోయేవాడే. కానీ ఇది వియ్యంకుడి సంగతి. నిరుడు మనవరాలి బారసాలకు వచ్చినప్పుడు పట్టాభి చోటు దొరక్క తన కొత్త కారును రెండు వీధుల అవతల ఎవరి గేటు ముందో పెట్టాడు. ఆ గేటువాళ్లు నాలుగు చక్రాలకూ గాలి తీసేశారు. ఆ కబురు అందేసరికి ఆయన విస్తరి ముందు కూర్చుని పూర్ణం బూరె విరుస్తున్నాడు. విరిచిన బూరె విరిచినట్టే వదిలేసి లేచిపోయాడు. ఆ తర్వాత ఈ గడప తొక్కలేదు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య నలిగిపోయింది మాత్రం కూతురు సింధు.

"మామయ్యగారిని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది నాన్నా," అంది ముందు రోజు సాయంత్రం, చంటిదాన్ని చంకనేసుకుని వస్తూనే. "ఈ ఒక్క పూటా ఏ గొడవా లేకుండా గట్టెక్కించు. ఈసారి కూడా ఆయన అలిగి వెళ్తే ఇంక నావల్ల కాదు."

"పార్కింగు పూచీ నాది," అన్నాడు త్రినాథరావు. అదే మాట వియ్యంకుడికి కూడా ఫోన్ చేసి చెప్పాడు.

రాత్రంతా ఆలోచిస్తే ఆయనకు ఒక సంగతి తట్టింది. ఆ వీధిలో ఎవరూ ఎదురుచెప్పనిది ఒక్కటే, టెంటు. ఎవరింట్లో ఏ కార్యం ఉన్నా సగం వీధికి అడ్డంగా టెంటు వేస్తారు. బండ్లవాళ్లు నోరెత్తకుండా చుట్టూ తిరిగి వెళ్తారు. అంతే, పొద్దున్నే టెంటు హౌస్ తిరుపతిని పిలిపించాడు.

"రంగులయి ఒక్కటి లేదు సార్," అన్నాడు తిరుపతి. "లగ్గాలు ఉన్నయి గదా, అన్ని బాలాపూర్ దిక్కు పోయినయ్. తెల్లది ఉంది. ఎయ్యాల్నా?"

"తెల్లదైతేనేం, వెంటనే వెయ్యి. ఆలస్యం కాకూడదు."

తిరుపతి ఆయన ముఖంలోకి చూశాడు. వంటింట్లో భార్య సూర్యప్రభకు ఉల్లిపాయలు తరిగి వచ్చాడేమో, త్రినాథరావు కళ్లు ఎర్రగా చెమ్మగిల్లి ఉన్నాయి. తిరుపతి తల మీది టోపీ తీసేశాడు.

"కుర్చీలు సుత ఏస్త సార్. పైసల సంగతి తర్వాత సూద్దాం. గిప్పుడు అడుగుడు మంచిగుండదు."

ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాడు త్రినాథరావు.

షామియానా లేచిన కాసేపటికే అద్భుతం జరిగింది. ఆదివారం పరీక్ష రాయడానికి వచ్చే కుర్రాళ్లు మలుపులోనే ఇంజిన్లు ఆపేసి, బండ్లు నడిపించుకుంటూ చప్పుడు లేకుండా వెళ్లిపోయారు. రాత్రే పెట్టి పోయిన బండ్ల కోసం హాస్టళ్ల నుంచి ఒక్కొక్కరే వచ్చి, తలలు వంచుకుని తీసుకెళ్లారు. ఒకడైతే షామియానా వైపు తిరిగి దండం కూడా పెట్టాడు. త్రినాథరావుకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్ల తర్వాత తన గేటును, అడ్డంగా మిగిలిన ఒక్క బుల్లెట్టు తప్ప, నిండుగా చూసుకున్నాడు.

అప్పుడే భుజాన తువ్వాలుతో కాలనీ సంఘం అధ్యక్షుడు జానయ్య వచ్చాడు. నల్లగొండ మనిషి. ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైనా ఇప్పటికీ ఎక్కడ ఏం జరిగినా స్టీరింగు తన చేతిలోనే ఉండాలంటాడు. వచ్చీ రాగానే త్రినాథరావు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఎవలు సార్?"

"మా వియ్యంకుడు గారు..." అని మొదలుపెట్టాడు త్రినాథరావు, వస్తున్నారు అని చెప్పబోతూ.

"అయ్యో! ఎట్లయింది సార్? గుండెనా?"

త్రినాథరావుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తల పైకెత్తి తెల్ల గుడ్డను, వరసగా వేసిన కుర్చీలను కొత్తగా చూశాడు. ఖండించడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఒక కుర్రాడు మిగిలిన ఆఖరి బండిని, గేటుకు అడ్డంగా ఉన్న బుల్లెట్టును, కిక్కురుమనకుండా నెట్టుకుపోతున్నాడు. త్రినాథరావు తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఎప్పుడు తెస్తున్నరు సార్?"

"పదకొండు గంటలకల్లా వచ్చేస్తారండీ. ఆయన కారులోనే," అన్నాడు. ఈ ఒక్క ముక్కైనా నిజం చెప్పినందుకు మనసు కొంచెం తేలికపడింది.

"కార్ల ఎట్ల తెస్తరు సార్! జర మీరు కూసోండి. పరేషాన్ గాకుండ్రి. అంత మేం జూస్కుంటం."

ఇంక బస్సు కదిలిపోయింది. జానయ్య నాలుగు ఫోన్లు చేశాడు. దండలు వచ్చాయి. టీ క్యాను వచ్చింది. పనుల మీద బయల్దేరినవాళ్లు ఆగి కుర్చీల్లో కూర్చున్నారు. వైకుంఠ రథం వచ్చి సరిగ్గా గేటు ముందు ఆగింది. "దిల్‌సుఖ్‌నగర్‌ల గింత ఖాళీ జాగ నేను పుట్టిన సంది సూడలే," అని మెచ్చుకుని డ్రైవరు టీ తాగడానికి వెళ్లాడు.

త్రినాథరావు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. జనం దాన్ని కూడా దుఃఖం కింద జమకట్టారు.

లోపల ఇంకా ఘోరం జరిగింది. షామియానాలో కూర్చున్న ఎదురింటి అండాలమ్మకు పులిహోర పోపు వాసన తగిలింది. చావింట్లో పొయ్యి వెలగడం ఆమె ఎక్కడా చూడలేదు. గబగబా వంటింట్లోకి వచ్చి స్టవ్వు కట్టేసి, గుత్తివంకాయ మూకుడు దించేసింది.

"ఎంత కష్టమొచ్చె బిడ్డా," అని సింధును పొదివి పట్టుకుంది. "మామ పోయిన్నాడు పొయ్యి ముట్టిస్తరా? మీకు మేం వండి తెస్తం."

సింధు వెంటనే మామగారికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. తల్లీకూతుళ్లు త్రినాథరావును పడగ్గదిలోకి లాక్కెళ్లి తలుపు వేశారు. ఆయన జరిగిందంతా చెప్పుకున్నాడు.

"గొడవ లేకుండా చూడమన్నాను నాన్నా. మనిషినే లేకుండా చేశావా?" అంది సింధు. "ఆయన వచ్చే వేళయింది. ఇది చూస్తే జన్మలో మన మొహం చూస్తారా?"

"ఏవండీ, వెళ్లి నిజం చెప్పేయండి," అంది సూర్యప్రభ. "వీధిలో పరువు పోతే పోయింది. పిల్ల కాపురం ముఖ్యం."

కూతురి ముఖం చూడలేకపోయాడు త్రినాథరావు. గుండె దిటవు చేసుకుని గేటు దాకా వచ్చి, షామియానా పక్క తెర పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. ఉన్న కాస్త ధైర్యం అక్కడే జారిపోయింది. రెండో వరసలో, అప్పటికే తన చోటుకు తిరిగొచ్చిన అండాలమ్మ పక్కన, ఒళ్లో మిఠాయి పొట్లంతో పట్టాభి కూర్చుని ఉన్నాడు.

"ఎవరమ్మా పోయింది?" అని అడుగుతున్నాడు మెల్లగా.

"గీ సారు వియ్యంకుడు. వనస్థలిపురంల ఉంటుండె. పట్టాభి అంట."

పట్టాభి మిఠాయి పొట్లాన్ని కుర్చీ కిందకు నెట్టాడు.

"మంచివాడేనా?" అన్నాడు.

"ఏం మంచోడు! కారు గాలి తీసిన్రని విస్తరి ముంగట్నుంచి లేసిపోయిండంట. ఆయనను నేను ఎన్నడు సూడలే గని, ఆ పిల్ల ఎంత ఏడ్సిందో సూసిన గద. గంత కోపమైతే గుండె ఆగదా?" అంది అండాలమ్మ. అని, గొంతు తగ్గించింది. "కని గీ సారు దేవుడు. పొద్దటి సంది ఒక్క బండి పెట్టనిస్తలేడు. వియ్యంకుడు ఒస్తడని జాగ ఆపిండు. సొంత ఇంటికి గాకుండ వియ్యంకుని ఇంటికి తెస్తున్నరంటే ఎంత పానమో!"

పట్టాభి తల తిప్పాడు. తెర పక్కన నిలబడ్డ త్రినాథరావు కళ్లు, ఆయన కళ్లు కలిశాయి. త్రినాథరావు అక్కడే చేతులు జోడించాడు. ఉల్లిపాయల సాయం లేకుండానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పరువు సంగతి ఆయనకు గుర్తే లేదు. కూతురి ముఖమే కళ్ల ముందు ఆడుతోంది.

పట్టాభి లేచాడు. ఇంతలో జానయ్య దండ పట్టుకుని ఆయనకు ఎదురొచ్చాడు.

"మీరు పోయినాయనకు ఏమైతరు సార్?"

త్రినాథరావు కళ్లు మూసుకున్నాడు.

"తమ్ముణ్ణండి," అన్నాడు పట్టాభి. "అన్నయ్యకు అక్కడే జరిపించేస్తున్నారు. ఆ మాట చెబుదామనే వచ్చాను. మీరంతా పనులు మానుకుని ఇంత శ్రమపడ్డారు. మావాడు కోపిష్టి. అతని వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుంటే అతని తరఫున నేను దండం పెడుతున్నాను."

జనం నిట్టూర్చి లేచారు. వైకుంఠ రథం వెనక్కి మళ్లింది. తిరుపతి షామియానా విప్పేశాడు. కాసేపట్లో పరీక్ష విడిచిపెట్టారు, గేటు ముందు మళ్లీ బైకులు బారులు తీరాయి.

లోపల పట్టాభి మనవరాల్ని ఎత్తుకుని సోఫాలో కూర్చున్నాడు.

"కారు ఎక్కడ పెట్టారు బావగారూ?" అని అడిగాడు త్రినాథరావు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"కారా? ఎల్బీనగర్ దాకా ఆటోలో వచ్చి మెట్రో ఎక్కాను. మీ వీధిలో చోటు దొరుకుతుందంటే నమ్మడానికి నేనేమైనా వెర్రివాణ్ణా?" అన్నాడు పట్టాభి. ఆ తర్వాత కోడలి వైపు తిరిగేసరికి ముఖం మెత్తబడింది. "నువ్వు అంత ఏడ్చావా అమ్మా ఆ రోజు? నాకు తెలియలేదు."

సింధు కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వేసింది. సూర్యప్రభ కిటికీలన్నీ మూసి, పోపు వాసన బయటికి పోకుండా మళ్లీ పొయ్యి వెలిగించింది.

ఇప్పుడు పట్టాభి నెలకోసారి వస్తాడు, అదీ కారులోనే. మలుపులో ఆ కారు కనబడగానే జానయ్య హాస్టల్ కుర్రాళ్లను కేకేసి బైకులు తీయిస్తాడు. అన్నను పోగొట్టుకున్న మనిషిని కారు కోసం తిప్పడం బాగుండదని దగ్గరుండి గేటు ముందు పెట్టిస్తాడు. తమ్ముడు వట్టి వెన్నపూస అని వీధి వీధంతా చెప్పుకుంటారు. అన్న పోవడమే మేలైందని అండాలమ్మ అభిప్రాయం.