కామరాజుగారి సొంత బందెలదొడ్డి

కామరాజుగారి మాట ఈ లోకంలో ఇద్దరి దగ్గర చెల్లదు. ఒకరు భార్య ఛాయాదేవి. రెండోది డయానా. ఛాయాదేవిగారికి బదులు చెప్పే ధైర్యం పెళ్లయినప్పటి నుంచీ రాలేదు. డయానాకు చెప్పినా లాభం లేదు, అది ఆవు.

అమీర్‌పేటలో ఆవేమిటని ముక్కున వేలేసుకోకండి. కోచింగు బోర్డులు ఆకాశాన్ని కప్పేసిన ఆ సందుల్లో కూడా, బల్కంపేట వైపు నాలుగడుగులు వేస్తే, పేడ వాసన తగులుతుంది. సందు చివర కరెంటు పనులు చేసే యెషయా ఇల్లు. ఆడపిల్ల పుడితే డయానా అని పెట్టుకుందామని అతని భార్య తబితా పెళ్లినాడే అనుకుంది. వరసగా ముగ్గురూ మగపిల్లలే పుట్టారు. పేరు వృథా పోవడం ఇష్టంలేక ఆవుకు పెట్టింది.

తెల్లవారగానే పాలు పితికి, "పో బిడ్డా" అని తాడు విప్పేస్తుంది తబితా. ఇక డయానా బతుకుతెరువు డయానాది. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ, కూరల బండి దగ్గర క్యాబేజీ ఆకులు, గుడి దగ్గర అరటిపళ్లు. ఇవన్నీ ఫలహారం. అసలు భోజనం కామరాజుగారి పెరట్లో.

పెరడంటే గేటుకూ గుమ్మానికీ మధ్య నాలుగు మంచాలు పట్టే నేల. ఉద్యోగ విరమణ చేశాక కామరాజుగారు ప్రాణమంతా అందులోనే పోశారు. గోంగూర, తోటకూర, బెండ, కాకరపాదు, నడుమ జామచెట్టు. ఫోన్లో పెరటి తోటల బృందంలో చేరి రోజుకో ఫొటో పెట్టేవారు. నేల మీద బోర్లా పడుకుని తీయడం వల్ల నాలుగు బెండమొక్కలు నాలుగెకరాల్లా కనబడేవి. అవి చూసి మురిసిపోయిన బృందంలోని శ్రీనగర్ కాలనీ వాళ్లు, "ఆదివారం ఇరవైమందిమి వచ్చి మీ తోట చూస్తాం" అన్నారు. రమ్మన్నారు ఆయన. అది సోమవారం.

బుధవారం గోంగూర సగం లేదు.

"ఏమయ్యా యెషయా, మీ డయానా మా గోంగూర మేసేసింది!"

"గోంగూరనా సార్? గందుకేనా పొద్దుగాల పాలు జర పుల్లగున్నయ్!"

"నవ్వులాట కాదయ్యా. కట్టేసుకో."

"కట్టేస్తే మస్తు ఒర్లుతది సార్. మీరే గేటు గొళ్లెం పెట్టుకోండ్రి."

"పెడితే కొమ్ముతో తీస్తోందయ్యా!"

"గంత తెలివి సార్ దానికి" అని యెషయా, కొడుక్కి ర్యాంకు వచ్చిన తండ్రిలా పొంగిపోయాడు.

కామరాజుగారు ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. ఆదివారం ఇరవైమంది ముందు ఏం చూపించాలి? కాసేపటికి కళ్లు మెరిశాయి.

"ఏమోయ్ ఛాయా! మా తణుకులో చేలో పడ్డ గొడ్డును ఏం చేసేవారో తెలుసా? బందెలదొడ్డికి తోలేసేవారు. సొంతదారు వచ్చి, చేతులు కట్టుకుని, తప్పయిందంటేనే విడుపు."

"ఇక్కడ బందెలదొడ్డి ఎక్కడుందండీ?"

"మనింట్లోనే! రేపు రాగానే కట్టేస్తా. యెషయా గంటలో పరిగెత్తుకు రావాలి."

"మరి మేత?"

"గంటసేపు ఆగలేదా?"

"ఊఁ" అందావిడ. ఆ ఇంట్లో ఛాయాదేవిగారి ఊఁ, ఆషాఢంలో మబ్బు ఉరిమినట్టే. వాన మన ఇంటి మీదే పడుతుంది, ఎప్పుడన్నదే తెలియదు.

గురువారం పొద్దున అరటిపండు చూపించి, బట్టలారేసే తాడుతో డయానాను జామచెట్టుకు కట్టేశారు కామరాజుగారు. జామచెట్టు తోట నడిమధ్యన ఉందన్న సంగతి ముడి బిగించాక తట్టింది. అప్పటికి తాడు అందినంత మేరా తోటకూర లేదు. విప్పబోతే కొమ్ము చూపించింది.

గంటయింది. మధ్యాహ్నమయింది. యెషయా రాలేదు. డయానాకు దాహం వేసింది. కామరాజుగారు బకెట్లు మోశారు. ఆకలేసింది. కూరల బండి దగ్గరకు పరిగెత్తి క్యాబేజీ ఆకులు అడుక్కొచ్చారు. తాగినదీ తిన్నదీ తిరిగి బయటకు వచ్చింది. అదీ ఆయనే ఎత్తారు.

సాయంత్రం పొదుగు నిండి డయానా అరుపు లంకించుకుంది. ఫోను చేస్తే యెషయా, "పంజగుట్టల పని మీదున్న సార్. మీ దగ్గర్నే ఉన్నది గదా, ఫికర్ లేదు" అని పెట్టేశాడు.

"నువ్వు పితుకు ఛాయా!"

"కట్టింది మీరు. బందెలదొడ్డి అధికారి మీరు."

ఆయన చెంబు పట్టుకు కూర్చున్నారు. మరుక్షణం చెంబు వీధిలో ఉంది, ఆయన కాకరపాదులో ఉన్నారు.

అప్పుడు తబితా పాలబిందెతో తీరిగ్గా వచ్చింది. "అంకుల్, దేవుడు మిమ్ముల సల్లగ సూడాలె. గీ వారం మున్సిపాల్టోళ్లు రోడ్డు మీద తిరిగే పశువులను బండి ఎక్కిస్తున్నరంట. యాడ దాచాల్నో తెలువక పరేషానయితిమి. మీరే కట్టేసిన్రు!"

"విప్పి తోలుకుపో తల్లీ!"

"అట్లెట్ల అంకుల్? మా ఇంటికాడ కట్టేస్తే ఒర్లి ఒర్లి బండిని పిలుస్తది. ఆదివారం దాంక ఈడనే ఉండనీ అని ఆంటీ నిన్ననే ఫోన్ చేసి చెప్పింది గదా!"

కామరాజుగారు కాకరతీగ తలమీదే ఉంచుకుని భార్య వైపు తిరిగారు.

"బందెలదొడ్డంటే రోజుల తరబడి ఉంచాలటగా. గంటకు విప్పేస్తే మీ పరువేం కాను?" అందావిడ, తబితా పితికిన చిక్కటి పాలు గిన్నెలోకి పోయించుకుంటూ.

మర్నాడు శ్రావణ శుక్రవారం. గుమ్మం ముందే గోవుందని సందంతా పాకింది. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో, అరటిపళ్లతో వచ్చి ప్రదక్షిణలు చేశారు. డయానా నోటికి అందని బెండమొక్కలు వాళ్ల కాళ్లకు అందాయి.

ఆదివారం ఇరవైమందీ ఫోన్లు ఎత్తిపట్టుకుని దిగారు. తోటలో జామచెట్టూ, చేదని డయానా వదిలేసిన కాకరపాదూ తప్ప మట్టే ఉంది. బొట్టూ పూలదండతో డయానా నెమరేస్తోంది.

బృందానికి పెద్ద ఉదయలక్ష్మిగారు ఒక్క క్షణం నోరు తెరిచి, రెండో క్షణం చప్పట్లు కొట్టారు. "ఎంత గొప్పండీ! అన్నీ తీయించేసి ఆవుతో నేలను బాగుచేయిస్తున్నారా? ఈ ఆవు మీదేనా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచారు కామరాజుగారు. ఇరవై ఫోన్లు ఆయన్నే చూస్తున్నాయి.

"మాదే" అన్నారు.

గేటు దగ్గర దగ్గు వినబడింది. ఆవును తోలుకుపోదామని వచ్చిన యెషయా, తెచ్చిన పలుపు భుజాన వేసుకున్నాడు.

"సార్ నోట మంచి మాట వచ్చింది. మీదే అన్నంక మేమెందుకు తీస్కపోతం? పొద్దంత మీ దగ్గర్నే ఉంటది. పాలకు తబితా వస్తది."

"అయితే పేడ ఎరువు ఎలా కలుపుతారో ఇప్పుడే చూపించండి!" అన్నారు ఉదయలక్ష్మిగారు. ఇరవైమందీ ముందుకు జరిగారు.

ఛాయాదేవిగారు లోపలికెళ్లి పారా గంపా తెచ్చి మొగుడి చేతిలో పెట్టారు.

"వీడియో తీస్తున్నారండీ. కాస్త నవ్వుతూ ఎత్తండి."

కామరాజుగారు పంచె ఎగ్గట్టి, వంగి, నవ్వారు.