మారుపేర్ల జాబితా

ఆ ఉదయం పరిశోధకురాలు అనుకున్న పని చిన్నదే. వంతెన కింద గుడిసెల్లో ఉంటూ పాత ఇనుము ఏరుకునే తొమ్మిదిమంది కుర్రకారును కూర్చోబెట్టి, వాళ్ళ బతుకు గురించి మాట్లాడించాలి. మూడు నెలలు తిరిగితే గానీ వాళ్ళు ఆమెను దగ్గరికి రానివ్వలేదు.

నోటుపుస్తకం తెరవగానే అందరూ లేచారు.

"మా పేర్లు రాసి పోలీసులకిస్తావా అక్కా?" అంది కత్తెర. నోటి పదును చూసి స్నేహితులు ఆ పిల్లకు పెట్టిన పేరది.

"అయ్యో, లేదమ్మా! అసలు పేర్లు రాయను. మీకు నచ్చిన పేరు చెప్పండి, అదే రాస్తాను."

దాంతో హుషారొచ్చింది. ఒకడు విమానం అయ్యాడు. ఇంకొకడు జడ్జిగారు. కత్తెర ఏకంగా మహారాణి.

"మరి మొన్న మాతో సంతకాలు పెట్టించుకున్నావే, ఆ కాగితం?" అని కత్తెర నిలదీసింది.

అది పరిశోధనకు ఒప్పుకున్నట్టు రాయించుకున్న పత్రం, అందులో అసలు పేర్లున్నాయి. ఆమె ఒక్క క్షణం తటపటాయించి, దాన్ని వాళ్ళ కళ్ళముందే చింపి పక్కనే ఉన్న టీ కొట్టు పొయ్యిలో పడేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తాను మంచి పరిశోధకురాలినేనని ఆమెకు మొదటిసారి నమ్మకం కలిగింది.

ఆ నమ్మకం పావుగంట నిలిచింది. గుడిసెలు తీసేయడానికి పొక్లెయిన్ వచ్చింది, వెనకే పునరావాస అధికారి దిగాడు.

"ఇక్కడ ఉంటున్నట్టు రాతపూర్వకంగా ఏదైనా ఉందా? ఉంటేనే గదులిస్తాం."

"నా దగ్గరుంది!" అంటూ ఆమె పుస్తకం చాచింది. అవి అసలు పేర్లు కావని చెప్పబోయింది గానీ యంత్రం మోతలో వినిపించలేదు. అధికారి పేర్లన్నీ గదుల జాబితాలో ఎక్కించుకుని టపీమని ముద్ర కొట్టాడు.

"విమానం ఎవరు? ఆధార్ కార్డు చూపించు. ఇందులో వేరే పేరుందేంటి?"

"సార్, అది మారుపేరు. వీళ్ళే వాళ్ళు, నాకు తెలుసు!"

"అసలు పేర్ల కాగితం చూపించండి మేడమ్, ఇప్పుడే దిద్దేస్తాను."

ఆమె పొయ్యి వైపు చూసింది.

మధ్యాహ్నానికి గుడిసెలు నేలమట్టమయ్యాయి. కత్తెర దుప్పట్లు మూటగట్టుకుంటూ అడిగింది.

"మేం నీ పుస్తకంలో ఇంకా ఉన్నామా అక్కా?"

"ఉన్నారమ్మా."

"పోన్లే, ఎక్కడో ఒకచోట ఉన్నాం."

మూట నెత్తిన పెట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

మారుపేర్ల మీద కేటాయించిన ఆ తొమ్మిది గదులూ ఖాళీగానే ఉండిపోయాయి. హక్కుదారులకు ఆసక్తి లేదని ఫైలులో రాశారు.