గొడుగుకి రెండు, పెట్టెకి అయిదు

ఆ రోజు హోవీ బ్లౌస్టీన్‌కి ఉన్న పనులు మూడే. టిఫిను తినడం, కొత్త ఇంటి కోసం ఆస్తుల కాగితాల పెట్టె అప్పగించడం, సాయంత్రం నాలుగింటికి బోర్డు ముందు బుద్ధిమంతుడిలా కూర్చోవడం. మొదటిదాని దగ్గరే ఆలస్యమైపోయింది.

హోటల్లో బిల్లు వచ్చి చాలాసేపయింది. హోవీ కాగితపు రుమాలు మీద కూడికలు వేస్తూ కూర్చున్నాడు. ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగమంతా కాలిపోయిన ఇళ్ళకీ గుద్దుకున్న కార్లకీ నష్టమెంతో ఒక్క చూపుతో చెప్పేసిన మనిషి. రెండు గుడ్లూ ఒక కాఫీ తెచ్చిపెట్టిన అమ్మాయికి టిప్పు ఎంత వదలాలో మాత్రం ఏనాడూ చప్పున తేల్చలేకపోయాడు. తక్కువిస్తే పిసినారి అనుకుంటారు, ఎక్కువిస్తే వెర్రివాడనుకుంటారు. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఒక అంకె ఉందనీ, అది తనకి తప్ప న్యూయార్కులో అందరికీ తెలుసనీ అతని బాధ.

"మూడోసారి కాఫీ మనం అడక్కుండానే పోసింది కదా. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా, వద్దా?"

"నువ్వు తేల్చేలోపు ఆ పిల్ల రిటైరైపోతుంది," అంటూ అతని భార్య రెనాటా బల్ల మీద నోట్లు పెట్టి లేచింది. "ఇదిగో హోవీ, ఈ ఒక్క పూటా ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకు. పెట్టె ఇచ్చెయ్, వచ్చెయ్. నీకు పుణ్యముంటుంది."

ఆవిడ భయం ఆవిడది. క్వీన్స్‌లో ఇల్లు అమ్మేశారు, నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. వెస్ట్ ఎండ్ ఎవెన్యూలో మూడో అంతస్తు అపార్టుమెంటు నచ్చింది, బయానా ఇచ్చారు. కానీ డబ్బున్నంత మాత్రాన అక్కడ ఇల్లు దొరకదు. భవనంలో ఉండేవాళ్ళ బోర్డు పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, ఎగాదిగా చూసి ఒప్పుకోవాలి. వద్దంటే వద్దు, ఎందుకని అడిగే దిక్కు లేదు. అప్పుడిక మిగిలేది న్యూజెర్సీలో రెనాటా అన్నగారి నేలమాళిగ. అందులో ఆయన రోజూ ట్రాంబోన్ వాయించుకుంటాడు.

టాక్సీలో హోవీకి ఇబ్బంది లేదు. టిప్పు కోసం తెర మీద మూడు అంకెలు వస్తే, మధ్యది నొక్కి బయటపడ్డాడు. బయట వాన దంచుతోంది. దిగేలోపే ఎవరో తలుపు తీసి, నెత్తిన పెద్ద గొడుగు పట్టారు. పొడుగాటి పెద్దమనిషి, ముదురాకుపచ్చ పొడుగు కోటు, రెండు వరసల ఇత్తడి బొత్తాలు.

"ఇటివ్వండి, బరువుగా ఉంది," అని ఆయన పెట్టె కూడా అందుకుని లోపలికి నడిచి, బల్ల మీద పెట్టాడు.

హోవీ బుర్రలో మీటరు తిరగడం మొదలైంది. తలుపు తీసినందుకు ఒకటి. గొడుగుకి రెండు. పెట్టెకి అయిదు. డిసెంబరు నెల, క్రిస్మస్ ముందు, ఇంకో మూడు వెయ్యాలి. మొత్తం పదకొండు. జేబులో చూస్తే ఉన్నది ఒక్కటే నోటు, ఇరవై. చిల్లర అడిగితే పరువు పోతుంది. ఇక ఆలోచించకుండా, చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పినట్టు నోటుని నాలుగు మడతలు పెట్టి, కరచాలనం చేస్తూ ఎవరి కంటా పడకుండా అరచేతిలోకి జార్చేశాడు.

పెద్దమనిషి అరచేతిలోకి చూసుకున్నాడు. హోవీ మొహంలోకి చూశాడు. "థాంక్యూ సార్," అని నెమ్మదిగా అని, లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు.

అప్పుడు వెనక గదిలోంచి తలుపు దగ్గర ఉండాల్సిన అసలు డోర్‌మన్ మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఛాతీ మీద బెస్నిక్ అని పేరు, ఛాతీకి తగ్గ గొంతు.

"కాస్త భోంచేసి వచ్చా సార్. ఈ వేళప్పుడు నా బదులు ఎల్స్‌వర్త్ గారు నిలబడతారు. మంచి మనిషి! మా బోర్డు ప్రెసిడెంటు."

హోవీ గోడవైపు తిరిగి రెనాటాకి ఫోన్ చేశాడు.

"బోర్డు ప్రెసిడెంటుకి టిప్పిచ్చావా?"

"డోర్‌మన్ అనుకున్నా! బొత్తాలున్నాయి!"

"ఎలా ఇచ్చావు?"

"మడతపెట్టి... చేతిలో..."

"అంటే ఇంటర్వ్యూ రోజున, ప్రెసిడెంటుకి, చాటుగా డబ్బిచ్చావు. దాన్ని టిప్పనరు హోవీ, లంచమంటారు. ఎంత?"

"ఇరవై."

"ఇరవయ్యా! టిప్పుకి ఎక్కువ, లంచానికి తక్కువ. నువ్వు లంచం కూడా సరిగ్గా ఇవ్వలేవు! మా అన్నయ్యకి ఫోన్ చేసి ఆ ట్రాంబోన్ తియ్యమంటాను."

ఎలాగైనా ఇది సర్దాలి. పైకి వెళ్ళి చెప్పుకుందామంటే పిలవనిదే లిఫ్టెక్కనివ్వరు. హోవీ ఇంకేమీ తోచక బెస్నిక్ దగ్గరికే వెళ్ళాడు. "చూడు బాబూ, ఆయనకి నేనో ఇరవై డాలర్లు ఇచ్చాను. అవి నిజానికి నీకు చెందాల్సినవి. ఆ ముక్క ఆయనకి కాస్త నెమ్మదిగా, మర్యాదగా చెప్పగలవా?"

"అదెంత పని!" అని బెస్నిక్ బల్ల మీది ఫోనెత్తాడు. నెమ్మది అనేది అతని గొంతులో లేదు. "ఎల్స్‌వర్త్ గారూ! కింద ఒకాయన ఉన్నారండీ! నా ఇరవై డాలర్లు మీ దగ్గర ఉన్నాయట!"

సరిగ్గా అప్పుడే లిఫ్టులోంచి దిగుతున్న ముసలావిడ మిసెస్ క్రోన్‌బర్గ్ కుక్కతో సహా ఆగిపోయింది. వాన సంగతి మరిచిపోయి, వచ్చిన లిఫ్టులోనే పైకెళ్ళిపోయింది.

ఆ తర్వాత కథ లిఫ్టుతోపాటు ఎక్కింది. నాలుగో అంతస్తులో ప్రెసిడెంటు డోర్‌మన్ టిప్పు జేబులో వేసుకున్నాడు. ఏడులో అది రెండు వందలైంది. పదకొండో అంతస్తు చేరేసరికి బెస్నిక్‌కి రావలసిన క్రిస్మస్ డబ్బంతా ఏళ్ళ తరబడి ఆయనే మింగుతున్నట్టూ, క్వీన్స్ నుంచి వచ్చిన ఒక ఇన్సూరెన్సు ఆఫీసరు దాన్ని కనిపెట్టినట్టూ తేలింది. నాలుగింటికి రెనాటాతో తిరిగొచ్చిన హోవీని లిఫ్టులో ఒక అపరిచితుడు భుజం తట్టి, "గట్టిగా నిలబడండి, మేమున్నాం," అన్నాడు.

ఇంటర్వ్యూ ఎల్స్‌వర్త్ గారి భోజనాల బల్ల దగ్గర. బల్లకి అవతల అయిదుగురు. ఆస్తుల కాగితాలు ఎవరూ తెరవలేదు. బల్ల మధ్యలో ఆ ఇరవై నోటు, నాలుగు మడతలతో సహా, ఉప్పు సీసాకి ఆనించి ఉంది.

"బ్లౌస్టీన్ గారూ," అంది కళ్ళద్దాల ఆవిడ, "ఇది ఎందుకిచ్చారు?"

రెనాటా బల్ల కింద కాలు తొక్కింది. కానీ హోవీ అప్పటికే నీరుగారిపోయాడు. ఎలాగూ కొంప మునిగింది, నిజమే చెప్పేద్దామనుకున్నాడు. "తలుపుకి ఒకటండీ. గొడుగుకి రెండు, పెట్టెకి అయిదు. డిసెంబరు కనక ఇంకో మూడు. పదకొండే అయింది. చిల్లర లేక ఇరవై ఇచ్చాను. ఆయన ఎవరో నాకు తెలీదు, ఒట్టు!"

కళ్ళద్దాల ఆవిడ కలం తీసింది. "వాన లేకపోతే?"

"అంటే... గొడుగు ఉండదు కనక, తొమ్మిదండీ."

"పెట్టె చిన్నదైతే?" అన్నాడు పక్కనున్న బట్టతలాయన, కుర్చీ ముందుకు లాక్కుని.

"ఒక చేత్తో మోయగలిగితే మూడు. రెండు చేతులూ కావాలంటే అయిదు."

"ఏడాది పొడుగునా పార్సిళ్ళు అందుకున్న మనిషికి పండక్కి ఎంతివ్వాలి? మా ఆవిడ ఒకటంటుంది, నేనొకటంటాను, ప్రతి డిసెంబరులోనూ ఇంట్లో యుద్ధమే!"

అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలెట్టారు. హోవీ నోరు తెరుచుకుని విన్నాడు. వీళ్ళెవరికీ తెలీదు! ఇన్నేళ్ళుగా ఈ భవనంలో ఎవరికి ఎంతివ్వాలో ఒక్కరికీ తెలీదు, పక్కవాణ్ణి అడగడానికి సిగ్గు. గుండెల మీద నుంచి బండరాయి దింపినట్టయి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఎల్స్‌వర్త్ గారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. "ఈ బోర్డుకి ఇంతకాలం చాకిరీ చేశాను. తిట్లు తప్ప నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. మొదటి సంపాదన ఈయన చేతి మీదుగా. లెక్క ప్రకారం పదకొండు నావి, మిగతా తొమ్మిదీ బెస్నిక్‌కి ఇస్తాను. లిఫ్టులో అనుకుంటున్నది రేపటికి వాడే సర్దుతాడు, వాడి గొంతు చాలు. బ్లౌస్టీన్ గారూ, ఎప్పుడు దిగుతున్నారు?"

మామూలుగా వారాలు పట్టే మాట అది. రెనాటా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఈ నెలాఖరుకేనండీ!" అంది, హోవీ చెయ్యి గట్టిగా పట్టుకుని.

కిందికి వచ్చేసరికి బెస్నిక్ ఎవరి సామానో పైకి చేరుస్తున్నాడు. ఎల్స్‌వర్త్ గారే టాక్సీని పిలిచారు, వానలో గొడుగు పట్టారు, రెనాటాని ముందు ఎక్కించి, హోవీ కోసం తలుపు పట్టుకున్నారు.

హోవీ ఎక్కి కూర్చున్నాక కూడా ఆయన తలుపు వెయ్యలేదు.