పొయ్యి అనే పదం ఆమోదం పొందిన విధము

భూమిలో దొరికినదంతా చరిత్ర కాదు. డేటాబేస్‌లోకి ఎక్కినదే చరిత్ర. ఈ సంగతిని వారసత్వ శాఖ తన మొదటి సర్క్యులర్‌లోనే స్పష్టం చేసింది కాబట్టి, తర్వాత జరిగినదానికి ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

శాఖ ఉద్దేశం మంచిదే. ఒకే వస్తువును ఒకరు కుండ అని, ఒకరు కడవ అని, ఇంకొకరు ఓపిక లేనప్పుడు పెంకు అని రాస్తుంటే వెతికేవాడికి ఏం దొరుకుతుంది? అందుకని ప్రామాణిక పదకోశ సంఘం ఏర్పడింది. సంఘం ఆమోదించిన పదాలే కంప్యూటర్ తెర మీద వరుసగా కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని నొక్కాలి. మొదట్లో ఆ వరుస చివర 'ఇతరం' అని కూడా ఉండేది. ఏడాది తిరిగేసరికి, మన పూర్వీకులు అన్నిటికంటే ఎక్కువగా వాడిన వస్తువు 'ఇతరం' అని వార్షిక నివేదికలో తేలింది. (నివేదికను మంత్రిగారే ఆవిష్కరించారు.) దాంతో ఆ పదాన్ని తీసేశారు.

సరిగ్గా అప్పుడే బ్రష్ మేడమ్‌కు పొయ్యి దొరికింది.

ఆమె తవ్వకాల అధికారిణి. చేతిలో ఎప్పుడూ మట్టి దులిపే బ్రష్షు ఉంటుందని ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. కొత్త రోడ్డు పడబోయే చోట కింద ఏముందో చూడమని ఆమెను పంపారు. చూసింది. మూడు రాళ్లు, మధ్యలో బూడిద, మాడిన గింజలు, చుట్టూ మెత్తిన మట్టి. ఆ మట్టి మీద నాలుగు వేళ్ల జాడ. ఏ కాలంలోనో ఏ ఇల్లాలో పగులిచ్చిన చోట తడిమట్టి పూసి, చేత్తో ఒక్కసారి నిమిరి, లేచి తన పని చూసుకుంది. మేడమ్ చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, ఆ జాడల్లో తన వేళ్లు పెట్టి చూసుకుంది. అతికినట్టు సరిపోయాయి.

ఆధారం నమోదైతే రోడ్డు పక్కకు జరుగుతుంది. కాకపోతే నేరుగా పోతుంది. ఆమె కంప్యూటర్ తెరిచింది. వరుసలో గోడ ఉంది, గుంట ఉంది, సమాధి ఉంది. పొయ్యి లేదు.

సాఫ్ట్‌వేర్ చూసే ఉద్యోగిని అడిగితే తన చేతుల్లో ఏమీ లేదని, పదం పైనుంచి దిగాలని చెప్పాడు. పై అంటే సంఘం అధ్యక్షుడు. ఆయన్ని అందరూ నిఘంటువుగారంటారు. మొహం మీదే అంటారు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించారు.

ఆయన ఆమెను కూర్చోబెట్టి ఓపిగ్గా ఫొటోలన్నీ చూశారు.

"పొయ్యి అంటే వంట చేసేది కదమ్మా. వంట చేశారని మీరెలా అంటున్నారు?"

"బూడిద ఉందండి. గింజలు కూడా ఉన్నాయి, మాడిపోయి."

"మాడాయంటే వంట కుదరలేదన్నమాట. కుదరని వంట, వంట కిందికి వస్తుందా? ఇది సంఘంలో పెట్టాల్సిన విషయం."

వేళ్ల జాడల సంగతి ఎత్తితే, వేలిముద్రలు పోలీసు శాఖ పరిధిలోకి వస్తాయని గుర్తుచేశారు. సంఘం ఉపసంఘాలుగా చీలింది. ఒకటి 'ఉద్దేశపూర్వక దహన స్థలం' అందామంది. ఇంకొకటి అసలు ఉద్దేశమంటే ఏమిటో ముందు తేల్చమంది.

ఇదంతా విన్న ఆమె భర్త, మరి మన వంటింట్లో ఉన్నదాన్ని ఏమనాలో కూడా అడిగి రమ్మన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. రోడ్డువాళ్లు అప్పటికే కంకర తోలుతున్నారు. సమాధి అని నొక్కేస్తే పని ఆగుతుంది. కానీ లేని శవాన్ని పుట్టించడానికి చదువు అడ్డొచ్చింది. ఏదో ఒకటి ఎక్కితే పదం వచ్చాక దిద్దుకోవచ్చని, ఉన్నవాటిలో నిజానికి కాస్త దగ్గరగా ఉందని, 'గుంట' నొక్కింది.

ప్రభుత్వ డేటాబేస్‌లన్నీ ఈమధ్యే ఒకదానితో ఒకటి అనుసంధానమయ్యాయి. (అదీ శాఖ ఘనతే.) గుంట కబురు తిన్నగా రోడ్ల శాఖకు చేరింది. వేసిన రోడ్ల మీద గుంటలు పూడ్చమని జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నా కదలని శాఖ, రోడ్డే పడని చోట గుంటను ఒక్క పూటలో పూడ్చేసింది. పూడ్చి, రోలర్ తొక్కించి, 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది' అని ఆమెకు సందేశం పంపింది. సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని కూడా అడిగింది.

ఆమె పరుగున వెళ్లేసరికి నేల అద్దంలా ఉంది. ఇంజనీరు మర్యాదస్తుడు. ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు.

"మీరే కదండీ రాశారు, గుంట అని?"

ఆమె చేతివేళ్లు వాటంతటవే పిడికిలిలోకి ముడుచుకున్నాయి.

వానలు వెలిశాక సంఘం 'పొయ్యి'ని ఏకగ్రీవంగా ఆమోదించింది. పేరు కుదిరేసరికి బిడ్డ లేదు. అయితే ఆమోదించిన ప్రతి పదానికీ ఒక ఉదాహరణ ఉండి తీరాలని నిబంధన. తనిఖీ బృందం బ్రష్ మేడమ్‌ను వెంటబెట్టుకుని అదే చోటికి వెళ్లింది. రోడ్డు అంచున పనివాళ్లు టీ కాచుకోవడానికి రెండు సిమెంటు ఇటుకలు పేర్చుకుని ఉన్నారు. ఆమె ఏదో చెప్పబోయింది. ఇంక కొత్త పదాలేమీ వద్దని బృందం నాయకుడు చేయెత్తి ఆపి, ఫొటో తీసి, అక్కడికక్కడే నమోదు చేయించాడు.

కాలం: ప్రాచీనం. పరిరక్షణ స్థితి: అత్యుత్తమం. ప్రత్యేక గమనిక: ఇంకా వెచ్చగానే ఉన్నది.